విడిపించే బంధువు: జహీరాబాద్ ప్రాంతం నుంచి విమోచన సిద్ధాంతంపై ఒక పరిశీలన

నిజాం కాలపు తెలంగాణలో అప్పు కింద దొర దగ్గర జీతం ఉన్న కూలీని భాగేలా అనేవారు. అసలు తీరేది కాదు, వడ్డీ ఆగేది కాదు. తండ్రి పోతే ఆ బాకీ కొడుకు మెడకు చుట్టుకునేది. ఈ ఒప్పందాలను అదుపు చేయడానికి హైదరాబాద్ సంస్థానం 1936లో ఒక నిబంధన తెచ్చినా అది పెద్దగా అమలు కాలేదు. దేశమంతటికీ వర్తించే వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో గానీ రాలేదు.

జహీరాబాద్, బీదర్, వికారాబాద్ పల్లెల్లోకి అమెరికన్ మెథడిస్టుల సువార్త వచ్చింది ఈ అప్పుల లోకంలోకే. తూర్పున మెదక్ వైపు ఇంగ్లండ్ వెస్లియన్లు పనిచేశారు. వాళ్లలో చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. 1947లో వెస్లియన్లు దక్షిణ ఇండియా సంఘంలో కలిశారు. అమెరికన్ మెథడిస్టులు విడిగానే ఉండి 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా ఏర్పడ్డారు. సంస్థలు వేరైనా రెండు పక్కలా బాప్తిస్మం పొందినవాళ్లలో అత్యధికులు మాదిగ, మాల కుటుంబాలు, ఎక్కువగా సొంత భూమి లేనివాళ్లు.

లేఖనాల్లో విమోచన వెల కంటే ముందు చుట్టరికంతో మొదలవుతుందన్నది ఈ వ్యాసం చేసే ప్రతిపాదన. మన వేదాంత చర్చ మాత్రం చాలాకాలంగా వెల దగ్గరే తిరుగుతోంది.

లేవీయకాండము 25వ అధ్యాయం దీనికి పునాది. పేదరికం వల్ల ఒకడు పొలం అమ్ముకుంటే దగ్గరి బంధువు వచ్చి దాన్ని విడిపించాలి. తననే అమ్ముకుంటే అన్నదమ్ములు గానీ, తండ్రి అన్నదమ్ములు గానీ, వాళ్ల పిల్లలు గానీ విడిపించవచ్చు. చెయ్యి తిరిగితే తనను తానే విడిపించుకోవచ్చు. ఎవరూ రాకపోతే యాభయ్యో ఏడు, అంటే సునాద సంవత్సరంలో, విడుదల. విడిపించే వెలకు లెక్క కూడా అక్కడే ఉంది: సునాద సంవత్సరానికి ఇంకా ఎన్నేళ్లు మిగిలాయో చూసి, కూలివాడి జీతం ప్రకారం కట్టాలి. ఇంత పట్టింపున్న ఈ అధ్యాయమే 44 నుంచి 46 వచనాల్లో పరదేశులను శాశ్వతంగా దాసులుగా ఉంచుకోవచ్చంటుంది. ప్రసంగాల్లో ఈ మూడు వచనాలను సాధారణంగా దాటేస్తారు. దాటేయకూడదు. బంధువున్నవాడికే విడుదల అన్నది ఆ చట్టం బలం, దాని కొరత కూడా. ఊరికి ఆవల ఉంచబడ్డవాడు దాన్ని చదివితే మొదట అడిగేది తనకు బంధువు ఎవరని.

రూతు గ్రంథం ఆ ప్రశ్నను పట్టణ ద్వారం దగ్గరికి తెస్తుంది. పదిమంది పెద్దల ఎదుట బోయజు మరింత దగ్గరి బంధువును కూర్చోబెట్టి, చనిపోయిన తమ బంధువు ఎలీమెలెకు పొలం సంగతి ఎత్తుతాడు. విడిపిస్తానంటాడు అతను. పొలంతో పాటు మోయాబు స్త్రీ రూతు బాధ్యత కూడా వస్తుందని తెలియగానే వెనక్కి తగ్గుతాడు: తన స్వాస్థ్యం పాడవుతుందని భయం. చెప్పు విడిచి హక్కు వదులుకుంటాడు. బాధ్యత తప్పించుకున్న ఆ పెద్దమనిషి పేరు గ్రంథకర్త రాయలేదు. చట్టం పరదేశిగా లెక్కించదగ్గ రూతు పేరు మాత్రం మత్తయి మొదటి అధ్యాయంలో యేసు వంశావళిలోకి ఎక్కింది.

యిర్మీయా 32 ఇంకో అడుగు వేస్తుంది. యెరూషలేమును బబులోను సైన్యం చుట్టుముట్టింది, ప్రవక్త చెరలో ఉన్నాడు. పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి అనాతోతులోని పొలం కొనమంటాడు, విడిపించే హక్కు నీదే అంటాడు. శత్రువు చేతికి పోబోయే పొలాన్ని యిర్మీయా 17 తులాల వెండి తూచి కొంటాడు. సాక్షుల సంతకాలతో ముద్ర వేసిన పత్రం ఒకటి, ముద్ర వేయనిది ఒకటి; రెండూ బారూకు చేత మట్టికుండలో పెట్టిస్తాడు. రిజిస్ట్రేషన్ లేని సాదాబైనామా చేతిలో పట్టుకుని తహశీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లకు ఈ జాగ్రత్త ఎందుకో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఇక్కడ విమోచన అంటే లాభం లేదని తెలిసి కూడా బంధువు భారం తలకెత్తుకోవడం.

నెహెమ్యా 5లో చుట్టరికమే విఫలమవుతుంది. కరువులో ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తాకట్టు పెట్టిన జనం తమ కూతుళ్లు దాసీలయ్యారని మొరపెడతారు. అప్పిచ్చినవాళ్లు అన్యులు కారు, సొంత యూదులే. డబ్బు మీదా ధాన్యం మీదా తీసుకుంటున్న వడ్డీని వదిలేయమని నెహెమ్యా వాళ్లను నిలదీస్తాడు. తెలంగాణలో గింజలకు కట్టిన నాగు వడ్డీ ఈ అధ్యాయానికి దగ్గరి వ్యాఖ్యానం. యెషయా 40 తర్వాతి అధ్యాయాల్లో యెహోవాయే మళ్లీ మళ్లీ విమోచకుడిగా పిలవబడటాన్ని ఈ వైఫల్యం పక్కన పెట్టి చదవాలి. మనుషుల్లో బంధువు లేనిచోట ఆ బాధ్యత దేవుడే నెత్తికెత్తుకుంటాడు. నిర్గమకాండములోనూ అంతే: ఫరోకు పైసా ముట్టలేదు.

అందువల్లే వెల ఎవరికి ముట్టిందన్న ప్రశ్న తర్వాతి కాలాన్ని అంతగా తిప్పలు పెట్టింది. అనేకుల కోసం క్రయధనంగా తన ప్రాణం ఇవ్వడానికి మనుష్యకుమారుడు వచ్చాడని మార్కు 10:45 అంటుంది, పుచ్చుకున్నదెవరో చెప్పదు. సాతానుకన్నాడు ఓరిగెను. ఆ ఊహనే నాజియాంజు గ్రెగరీ తోసిపుచ్చాడు. పదకొండో శతాబ్దం చివర అన్సెల్ము దేవుని గౌరవానికి చెల్లవలసిన బాకీగా లెక్క మార్చాడు. ఈ వాదాల్లో లోతు లేకపోలేదు గానీ, విడిపించేవాడికీ విడుదలయ్యేవాడికీ ఉన్న సంబంధం వాటిలో పలచబడింది. హెబ్రీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం ఆ సంబంధం నుంచే మొదలుపెడుతుంది: క్రీస్తు తాను విడిపించేవాళ్లను సహోదరులని పిలవడానికి సిగ్గుపడడు, వాళ్ల రక్తమాంసాల్లో పాలుపంచుకున్నాడు, మరణభయంతో బతుకంతా దాస్యంలో ఉన్నవాళ్లను విడిపించాడు. ముందు బంధువయ్యాడు, తర్వాత విడిపించాడు. ప్రకటన 5:9లో కొనబడ్డవాళ్లు ప్రతి వంశం, ప్రతి భాష, ప్రతి జనం నుంచి వచ్చినవాళ్లు. లేవీయకాండము గీసిన గీత అక్కడ చెరిగింది.

సంఘంలో చెరిగిందా? తెలుగు సంఘాల్లో మాల, మాదిగ భేదం సంబంధాలు కలుపుకునేటప్పుడూ సంఘ ఎన్నికలప్పుడూ బయటపడుతూనే ఉంటుంది. రక్తం చేత కొనబడ్డామని పాడే గొంతులే వియ్యానికి వెనకాడతాయి. భూమి సంగతీ తీరలేదు. జహీరాబాద్ పక్కనే న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో జాతీయ పెట్టుబడులు, ఉత్పాదక మండలికి 12 వేలకు పైగా ఎకరాలు ప్రతిపాదించారు. వాటిలో పేదల అసైన్డ్ భూములూ ఉన్నాయి. లేవీయకాండము 25ను ఆత్మకే పరిమితం చేసి బోధించే సంఘానికి ఈ విషయంలో మాట్లాడటానికి మాటలు ఉండవు.

రోమా 8:23లో పౌలు దేహ విమోచన కోసం ఇంకా కనిపెడుతున్నామంటాడు. ఆ కనిపెట్టడం చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదని ఫిలేమోనుకు రాసిన చిన్న ఉత్తరం చూపిస్తుంది. ఫిలేమోను దాసుడు ఒనేసిమును ఇకమీదట దాసుడిగా కాక ప్రియ సహోదరుడిగా చేర్చుకోమంటాడు పౌలు. అతను బాకీ ఏదైనా ఉంటే తన లెక్కలో వేయమంటాడు, నేనే తీరుస్తానని సొంత చేతి రాతతో రాసిస్తాడు. చట్టం ప్రకారం ఒనేసిముకు పౌలు ఏమీ కాడు. చెరలో ఉండగా కన్న కుమారుడు అంటూ చుట్టరికం తానే కలుపుకుని, ఆ తర్వాతే పూచీ పడ్డాడు.