ఎవరి కోసం గీస్తారు? తండా కుట్టు నుంచి హాస్టల్ బొమ్మ దాకా

పదమూడు నుంచి పదహారేళ్ల వయసు పిల్లలు బొమ్మ ఎందుకు వేస్తారు? ఉపాధ్యాయ శిక్షణలో దీనికి మాకు సిద్ధంగా ఒక జవాబు ఉండేది. ప్రేరణ రెండు రకాలు, బయటిది ఒకటి, లోపలిది ఒకటి. బహుమతి బయటిది, ఆసక్తి లోపలిది. పరీక్షలో అలా రాస్తే మార్కులు వచ్చేవి. గిరిజన వసతి గృహంలో ఇన్నేళ్లు పిల్లల మధ్య గడిపాక ఈ రెండింటిలో ఇమడనిది మూడోది ఒకటి ఉందని నాకు అనిపిస్తోంది. అదేమిటంటే, ఆ బొమ్మ ఎవరి చేతికి చేరాలో ఆ మనిషి. ఈ మాటకు ఆధారం మనస్తత్వ శాస్త్రంలో వెతకనక్కరలేదు. మన తండాల చరిత్రలోనే దొరుకుతుంది.

ప్రొద్దుటూరు, శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల చుట్టుపక్కల తిరిగేవారికి ఇప్పుడు కనిపించేవి రిసార్టులు, ఫామ్‌హౌస్‌లు, ప్లాట్ల బోర్డులు. వాటి వెనక, ఇంకా పడమటికి పోతే పరిగి, కొడంగల్ దాకా, మన లంబాడీ తండాలున్నాయి. ఈ తండాలు ఒకప్పుడు ఒకచోట నిలిచినవి కావు. ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని దక్కన్ అంతా నడిచినవి. పదిహేడో శతాబ్దంలో గోల్కొండకు వచ్చిపోయిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే, పదివేలు, పన్నెండు వేల ఎద్దులు ఒకే బిడారుగా సాగడం గురించి రాశాడు. దారికి అవి అడ్డం వస్తే అవి దాటేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట. ఆయన ఆ ఆడవాళ్ల గురించి ఇంకొకటి కూడా రాశాడు. ఒంటి మీద పూలు పొడిపించుకుని, వాటికి రంగులు దిద్దుకునేవారట. చూస్తే చర్మమే పూల బట్టలా ఉండేదని ఆయన వర్ణన. మన బొమ్మల చరిత్రకు బయటివాడు రాసిన పాత సాక్ష్యాల్లో ఇదొకటి. కాగితం లేని జనం ఒంటి మీదే గీసుకున్నారు.

రెండోది బట్ట. ఫేటియా, కాంచళి, టుక్రి ఎంత కష్టపడి కుట్టేవారో మీలో చాలామందికి నేను చెప్పనక్కరలేదు. అద్దాలు, గవ్వలు, పూసలు, పాత నాణేలు, ఎర్రటి బట్ట మీద పసుపు, తెలుపు, నీలం దారాలు. కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు దొరికింది. అక్కడి వాళ్లు కిలన్, వేలే, బక్యా, మాకి అంటూ పద్నాలుగు రకాల కుట్లను పేర్లు పెట్టి చెబుతారు. మా వైపు పేర్లు కొన్ని మారతాయి, కొన్ని కుట్లకు పేరే లేదు, "అట్లా కుట్టేది" అంటారు అంతే.

ఈ కుట్టులో ఏదీ గోడకు తగిలించడానికి కుట్టింది కాదు. ప్రతిదానికీ అందుకునేవారు ఉన్నారు. పెళ్లీడు పిల్ల తన పెళ్లి బట్టలు తానే కుట్టుకునేది. అత్తింటివారి కోసం వక్కల సంచి, డబ్బుల సంచి కుట్టేది. నీళ్ల కుండ కింద పెట్టే చుట్టకుదురుకు గవ్వలు కట్టేది. మందకు ముందు నడిచే ఎద్దుకు కూడా అలంకారం ఉండేది. గంటలు, గవ్వలు, అద్దాల పట్టీలు. అంటే ఎద్దు కోసం కూడా ఒక పన్నెండేళ్ల పిల్ల సూది పట్టిందన్నమాట. ఇప్పుడు మనం జానపద కళ అంటున్నదాంట్లో సగం పని పదిహేనేళ్ల లోపు ఆడపిల్లలదే. పుస్తకాల్లో ఎక్కడా ఆ మాట ఇంత సూటిగా రాయలేదు.

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు మార్గం వచ్చింది. మన శంకర్‌పల్లి స్టేషన్ ఉన్నది ఆ దారి మీదే. ఎద్దులు నెలల తరబడి మోసిన సరుకు గూడ్సు బండి ఎక్కింది. ఎద్దుల బేరం ఒక్కరోజులో ఆగిపోలేదు కానీ, కొన్ని పదుల ఏళ్లలో బిడారు తండాగా నిలిచిపోయింది. మనవాళ్లు సేద్యానికి, కూలికి, పశువుల మేపుకు మళ్లారు. రైలు వల్ల పోయిన ఉపాధి గురించి చాలామంది రాశారు. రైలు వల్ల ముందు నడిచే ఎద్దుకు అలంకారం కూడా పోయిందని నేను చేర్చదలచుకున్నాను. అందుకునేవాళ్లలో మొదట తప్పుకున్నది ఎద్దు. పెళ్లికూతురు మాత్రం ఇంకో వందేళ్లు మిగిలింది.

గిరిజన పిల్లల చదువు కథ చెప్పాలంటే మార్లవాయి పేరు చెప్పక తప్పదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము అమరుడయ్యాక, ఆ తిరుగుబాటు ఎందుకొచ్చిందో తెలుసుకోవాలని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ అడవులకు పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం తెరిచారు. గోండి భాషలోనే వాచకాలు తయారయ్యాయి. పిల్లవాడు తన ఇంటి మాటతో బడిలోకి రావచ్చని సర్కారు ఒప్పుకున్న అరుదైన కాలం అది. హైమన్‌డార్ఫ్‌ది వియన్నా. పిల్లల బొమ్మలకు వాటి విలువ వాటికుంది, పెద్దల బొమ్మలకు నకలు దించనక్కరలేదని 1897లోనే పిల్లల కోసం తరగతి నడిపిన ఫ్రాంజ్ చిజెక్‌దీ వియన్నానే. ఈ ఇద్దరికీ సంబంధం ఉందని నేననడం లేదు. కానీ ఒకరు పిల్లల గీతను, ఒకరు పిల్లల మాటను గౌరవించారు. మన బడులు రెంటినీ త్వరగానే మరిచిపోయాయి.

తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగల్లో చేరింది 1976 సవరణ చట్టంతో. మరుసటి ఏడాది అది అమలులోకి వచ్చింది. ఆ తర్వాతే మన తండాల పిల్లలు పెద్ద సంఖ్యలో ఆశ్రమ పాఠశాలలకు, హాస్టళ్లకు, గురుకులాలకు వచ్చారు. నేనూ అలా వచ్చినదాన్నే. ఆ చదువు లేకపోతే ఈ వ్యాసం లేదు. అయితే లెక్క లెక్కే. సూది పట్టే వయసు పది, పన్నెండు. హాస్టల్లో చేరే వయసూ అదే. మా యాడి పక్కన కూర్చుని నేర్వాల్సిన వయసులో నేను ఎక్కాలు నేర్చాను. నా ఈడు ఆడపిల్లల్లో కుట్టు వచ్చినవాళ్లు తక్కువ. వేసుకునే బట్ట బజారులో రెడీమేడ్‌గా దొరికాక పెళ్లికూతురు కూడా అందుకునేవాళ్ల జాబితాలోంచి తప్పుకుంది.

మరి ఆ చేతులు ఏం చేస్తున్నాయి? బొమ్మలు వేస్తున్నాయి.

మన దేశంలో పిల్లల చిత్రలేఖన పోటీలకు పెద్ద పేరు తెచ్చింది కార్టూనిస్టు శంకర్. 1949లో ఆయన మొదలుపెట్టిన పోటీ తర్వాత అంతర్జాతీయ పోటీగా పెరిగింది. ఆయన ఉద్దేశం మంచిది. కానీ ఊరూరా పాకేసరికి పోటీ అంటే ఒక విషయం, ఒక గంట, ఒక సర్టిఫికెట్ అయింది. నీటిని కాపాడండి, చెట్లను పెంచండి, స్వచ్ఛత పాటించండి. హాలులో అరవై మంది కూర్చుంటే అరవై షీట్ల మీదా రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు. చేవెళ్ల పిల్లవాడి ఊళ్లో కొబ్బరిచెట్టు ఎక్కడిది? వేప ఉంది, తంగేడు ఉంది, మర్రి ఉంది. ఆ "సీనరీ" ఎవరికీ చెందదు కాబట్టి అందరికీ వచ్చేస్తుంది. పోటీలు వద్దని నేననను. 2015 నుంచి నడుస్తున్న కళా ఉత్సవ్‌లో స్థానిక కళలకు చోటుంది, మన పిల్లలు అక్కడ బాగానే నిలబడుతున్నారు. ఇచ్చిన అంశం చేతిని కదిలిస్తుంది, మనసును మాత్రం ఎప్పుడో ఒకసారే.

మర్రి అన్నాను కాబట్టి ఒకటి చెబుతాను. అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల బీజాపూర్ రోడ్డుకు రెండువైపులా నిలిచిన మర్రిచెట్లు ఉండాలా, రోడ్డు వెడల్పు కావాలా అని ఏళ్లుగా వాదన సాగింది. పిల్లలకు కూడా పోస్టర్లు వేయమన్నారు. అందరూ ఏడుస్తున్న చెట్టును, గొడ్డలిని వేశారు. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు పోస్టర్ ఇచ్చేసి, అదే సాయంత్రం నోటుబుక్కు వెనక పేజీలో ఇంకో మర్రి వేశాడు. దాని కింద ఒక బైకు, బైకు మీద తెల్ల తువాలు వేసుకున్న మనిషి. సెలవులయ్యాక నాన్న వాణ్ణి దింపి బస్సు ఎక్కించే చెట్టు అది. ఊడలు ఎన్నో లెక్కపెట్టి వేశాడు. ఆ నాన్న పుణెలో కట్టడం పనికి వెళ్లాడు, ఉగాదికి వస్తాడు. ఆ పేజీ ఫోటో తీసి ఆయన ఫోనుకు పంపమని నన్నడిగాడు. పోస్టరు గురించి మాత్రం ఏమీ అడగలేదు.

ఆడపిల్లల సంగతి తీజ్ నాడు తెలుస్తుంది. శ్రావణంలో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి, ఎరువు వేసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి, పాడి, మొలకలు పెంచి నిమజ్జనం చేసే పండుగ. గణగోర్ మట్టి బొమ్మలు చేసేదీ వాళ్లే. మన పండుగల్లో పూర్తిగా ఈ వయసు ఆడపిల్లల చేతుల్లో ఉన్నది తీజ్ ఒక్కటే. ఇబ్బంది ఏమిటంటే తొమ్మిది రోజులు సెలవు ఎవరిస్తారు? అది పరీక్షల కాలం కూడా. హాస్టల్ పిల్లలు కిటికీ దగ్గర ప్లాస్టిక్ డబ్బాల్లో గోధుమలు పోస్తారు. తండాలో బుట్ట ఎంత ఎత్తు పెరిగిందో ఫోనులో అడిగి పోల్చుకుంటారు. ఆ రోజుల్లో మా దగ్గర కాగితాలు నిలవవు. బుట్టలు, మొలకలు, చేతులు పట్టుకున్న వరుసలు, గోరింటాకు డిజైన్లు, టుక్రి అంచులు. ఎవరూ విషయం ఇవ్వరు. ఇంట్లో ఉన్న చెల్లెలికో, ఆ ఏడాది పెళ్లయి తీజ్‌కు దూరమైన అక్కకో వేస్తారు.

వాటిలో నన్ను ఎక్కువగా ఆపినవి లెక్కల నోటుబుక్కులోని గళ్ల కాగితం మీద వేసినవి. తొమ్మిదో తరగతి పిల్లలిద్దరు గడి గడి నింపుతూ కాంచళి మీది నమూనాను దించారు. ఎర్ర గడి, తెల్ల గడి, మధ్యలో ఖాళీ వదిలిన గడి అద్దం. వాళ్లకు సూది పట్టడం రాదు. అమ్మమ్మ పాత బట్ట సెలవుల్లో చూసి వరుసలు లెక్కపెట్టుకుని వచ్చారు. కుట్టు నేర్చుకునే దారి మూసుకుపోయిన చోట ఆ పిల్లలు దాన్ని లెక్కగా మార్చి దాచుకుంటున్నారు. దారం పోయినా వరస మిగిలింది.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1980ల మొదట్లో మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌లో మట్టి గోడల మీద బొమ్మలు వేస్తున్న ఇరవై ఏళ్ల అటూ ఇటూ వయసు కుర్రాడు జనగఢ్ సింగ్ శ్యామ్, జె. స్వామినాథన్ పంపిన బృందం కంటపడ్డాడు. భోపాల్ భారత్ భవన్‌కు వచ్చాడు. ఆయనది పర్ధాన్ కులం, గోండుల కథలు పాడేవారు. మన ఆదిలాబాద్ పర్ధాన్లు కింగ్రి మీటుతూ పాడే కథలకు బంధువులే ఆ పాటలు. ఆ పాటల్లో మాత్రమే ఉండి ఎన్నడూ రూపం లేని దేవుళ్లకు ఆయన చుక్కలతో రూపం ఇచ్చాడు. ఈరోజు గోండు చిత్రం అని ప్రపంచం కొంటున్నది అక్కడ మొదలైంది. పాట కాగితం మీదికి వచ్చింది, ఇక్కడ కుట్టు గళ్లలోకి వస్తోంది. ఆయన 2001లో జపాన్‌లో, ఇంటికి దూరంగా కన్నుమూశాడు. కొనేవాడు దొరికినంత మాత్రాన అందుకునేవాడు దొరికినట్టు కాదని ఆ చావు గుర్తొచ్చినప్పుడల్లా అనుకుంటాను.

మన సంఘం పెద్దలకు ఒక మనవి. వచ్చే సేవాలాల్ జయంతికి పిల్లల బొమ్మల పోటీ పెడితే అంశం ఇవ్వకండి. షీటు వెనక పేరు, తరగతితో పాటు ఇంకో గీత ఉంచండి: ఎవరికి. పోటీ అయ్యాక బొమ్మను ఫైల్లో పెట్టకుండా ఆ మనిషికి పంపండి, అసలు కాగితమే. ఆ గళ్ల కాగితం ఒకటి తీజ్ తర్వాత తండాకు వెళ్లింది. అమ్మమ్మ దాన్ని తిరగేసి, నాలుగో వరుసలో తెల్ల గడి ఒకటి ఎక్కువైందని చెప్పి పంపింది. ఆ పిల్ల ఇప్పుడు మళ్లీ లెక్కపెడుతోంది.