ఒక్క అర్ర ఏసుకునేతందుకు పర్మిషన్ ఎందుకు?

ఇల్లు రెండర్రలదే. తమ్మునికి పెండ్లి కుదిరింది. లేకుంటే చెల్లె పోటీ పరీక్షలకు చదువుకునేతందుకు ఇంత జాగ లేదు. పెరట్ల ఒక అర్ర ఏస్తేనో, మీద ఒక అర్ర లేపితేనో గడుస్తది. మన ఊర్లల్ల ఇండ్లు ఇట్లనే ఒక్కో అర్ర పెరుగుతయి. మేస్త్రిని మాట్లాడుతం, మంచిరోజు చూస్తం, ఇటుక దించుకుంటం. పంచాయతీ ఆఫీసు దిక్కు మాత్రం పోము. "మన ఇల్లు, మన జాగ, ఎవలనో అడుగుడేంది?" అంటం.

ఆ కాగితం అవసరం పడేది అర్ర కట్టిన నాడు కాదు. ఐదేండ్లకో పదేండ్లకో పడుతది. బ్యాంకుల లోన్‌కు పోతే ప్లాన్ అడుగుతరు. రోడ్డు పెద్దగ చేసేటప్పుడు నష్టపరిహారం లెక్క కడితే, కాగితాల్ల లేని అర్ర కోసం కొట్లాడాలె. అన్నదమ్ములు పంచుకునే నాడు "ఈ అర్ర నా పైసలతోని కట్టిన" అని చెప్తే రుజువేది? జగిత్యాల, నిజామాబాద్ దిక్కు గల్ఫ్ పైసలతోని నాయిన పేరు మీదున్న ఇంటికి అర్రలు ఏసినోళ్లు ఎందరో ఉన్నరు. నాయిన వీలునామా రాయకుంట పోతే ఆ ఇంట్ల అక్కచెల్లెండ్లకు సుత వాటా ఉంటది. కాబట్టి అర్ర ఏసే ముందే ఇంట్ల అందరు కూసోని, ఎవరి వాటా ఏది, ఎవరి ఖర్చు ఏది అని రాసుకునుడు మంచిది.

మీ ఊరు ఏ లెక్కల ఉన్నది?

ముందుగాల ఇది తెలుసుకోవాలె. తెలంగాణల 2018 ఆగస్టుల 68 కొత్త మున్సిపాలిటీలు ఏర్పడ్డయి. వాటిల్ల మస్తు ఊర్లు కలిసినయి. మనం ఇంకా "మా ఊరు" అంటనే ఉన్నం గని, కాయిదాల్ల అది వార్డు. రూల్స్ మారినయి.

పంచాయతీ అయితే 2018 పంచాయతీరాజ్ చట్టం నడుస్తది. 300 చదరపు మీటర్ల లోపు జాగ అంటే సుమారు 360 గజాలు. అండ్ల 10 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి, అంటే కింద ఒకటి, పైన రెండంతస్తుల దాకా, పంచాయతే పర్మిషన్ ఇయ్యొచ్చు. అంతకు మించితే పై ఆఫీసుల టెక్నికల్ అనుమతి కావాలె. ఊరు పట్టణాభివృద్ధి సంస్థ పరిధిల ఉంటే పద్ధతి వేరే ఉంటది. పంచాయతీ కార్యదర్శిని అడిగితే చెప్తడు.

మున్సిపాలిటీ అయితే 2020 నవంబర్‌ల టీఎస్ బీపాస్ అనే పేరుతోని వచ్చిన పద్ధతి ఉంది. అప్లికేషన్ ఆన్‌లైన్‌ల పెట్టాలె. 75 గజాల లోపు జాగల 7 మీటర్ల ఎత్తు లోపు ఇల్లయితే పర్మిషనే అక్కర్లేదు. ఒక్క రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే సాలు. 600 గజాల దాకా, 10 మీటర్ల ఎత్తు దాక అయితే మనమే సొంతంగ ధ్రువీకరించి ఇస్తే అనుమతి వస్తది. గని ఒక మాట యాదిల పెట్టుకోవాలె. పెద్ద జాగను ముక్కలు చేసి 75 గజాలే అని చూపిస్తే చెల్లదు. తప్పు లెక్క రాసిస్తే నోటీస్ లేకుంట కూలగొట్టే అధికారం వాళ్లకు చట్టంలనే ఉంది.

ఏ పనికి కావాలె, ఏ పనికి వద్దు?

సున్నం ఏసుకునుడు, ప్లాస్టరింగ్, గచ్చు మార్చుడు, పగిలిన పెంకలు మార్చుడు, తలుపో కిటికో మార్చుకునుడు, వీటికి ఎవలను అడుగుడు అక్కర్లేదు. కొత్త గోడ లేపి ఇంటి వైశాల్యం పెంచినా, మీద అంతస్తు ఏసినా పర్మిషన్ కావాలె. "రేకుల అర్రనే గదా" అంటే ఒప్పుకోరు. మనుషులు ఉండే అర్రకు రేకులైనా స్లాబైనా ఒక్కటే.

పెట్టాల్సిన కాగితాలు

జాగ దస్తావేజు లేకుంటే పట్టా. బాకీ లేని ఇంటి పన్ను రశీదు. ఆధార్. ఇప్పుడున్న ఇల్లు, కొత్తగ ఏసే అర్ర రెండూ కనబడే ప్లాన్. ఇల్లు చనిపోయిన తాత పేరు మీదనే ఉంటే ముందుగాల పేరు మార్పిడి చేయించుకోవాలె.

ఇంటి పన్ను రశీదుతోని జాగ మీద హక్కు రాదు. పర్మిషన్ కాగితంతోని సుత రాదు. హక్కు వేరే, అనుమతి వేరే. తెల్ల కాగితం మీద రాసుకున్న సాదాబైనామా మీద నమ్మకం పెట్టి లక్షలు పోసి అర్ర ఏస్తే, రేపు అమ్మినోని కొడుకులు వచ్చి అడ్డం పడొచ్చు.

పాణం మీదికి వచ్చే మూడు సంగతులు

ఒకటి, కరెంటు తీగలు. మీద అర్ర ఏస్తే తీగలు దగ్గరికి వస్తయి. 11 కేవీ లైన్ ఇంటికి పక్క నుంచి పోతే కనీసం 1.2 మీటర్లు, మీద నుంచి పోతే 3.7 మీటర్ల దూరం ఉండాలె. మామూలు ఇండ్ల లైన్‌కు సుత పక్కకు 1.2 మీటర్లు, మీదికి 2.5 మీటర్లు కావాలె. దూరం సాలకపోతే ముందుగాల లైన్ జరిపియ్యాలె, తర్వాతనే గోడ. స్లాబ్ రోజు సలాకలు పైకి అందిచ్చేటప్పుడు తీగకు తగిలితే బతుకుడు కష్టం.

రెండు, పాత గోడ. మట్టి గోడ, రాతి గోడ మోసేది పెంకల బరువును. దాని మీద స్లాబ్ పోస్తే ఒక్క వానకాలం ఆగుతదో ఆగదో. పిల్లర్లు లేని ఇంటి మీద అంతస్తు లేపాలంటే ఇంజనీర్‌కు చూపియ్యాలె. మేస్త్రి ధైర్యం ఒక్కటే సాలదు.

మూడు, చెరువు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే దాని ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్ల దాకా, అంతకన్న చిన్నదైతే 9 మీటర్ల దాకా కట్టుడు బంద్. అక్కడ చేతిల పర్మిషన్ కాగితం ఉన్నా ఇల్లు ఆగుతదన్న నమ్మకం లేదు.

"తర్వాత రెగ్యులర్ చేసుకుందాం" అనే మాట

దీన్ని నమ్మొద్దు. పట్టణాలల్ల అనుమతి లేని ఇండ్ల కోసం 2015ల బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీం తెచ్చిన్రు. దాన్నే బీఆర్ఎస్ అన్నరు, పార్టీ కాదు. అది హైకోర్టు కేసుల్ల పడి ఏండ్లకేండ్లు ఆగింది. పైసలు కట్టినోళ్లు ఎదురుచూసుడే అయింది.

అడిగితే ఇయ్యకుంటే?

అప్లికేషన్ నోటితోని చెప్పొద్దు, రాసి ఇయ్యాలె. ఇచ్చినట్టు సంతకం, తారీఖు, ముద్ర తీసుకోవాలె. ఫీజు కడితే పంచాయతీ రశీదు అడుగాలె. రశీదు లేని పైసలు ఫీజు కాదు, లంచం. "ప్లాన్ గీయిస్త, పని చేయిస్త, అన్ని కలిపి ఇంత" అనే మధ్యదళారి చేతిల పెడితే, ఆ పైసలు యాడికి పోయినయో ఎవ్వడు చెప్పడు.

కాదంటే ఎందుకు కాదో రాసియ్యుమనాలె. రాసియ్యకుంటే మండల పంచాయతీ అధికారి, ఆయన తర్వాత జిల్లా పంచాయతీ అధికారి. సోమవారం కలెక్టరేట్‌ల ప్రజావాణి ఉంటది. 2005 సమాచార హక్కు చట్టం కింద "నా అప్లికేషన్ ఏ టేబుల్ మీద ఉంది, ఎన్ని రోజుల నుంచి ఉంది" అని అడుగొచ్చు. 30 రోజుల్ల జవాబియ్యాలె. పంచాయతీల ఆ దరఖాస్తుకు ఫీజు సుత లేదు. లంచం అడిగితే ఏసీబీ నంబర్ 1064.

సర్కారు చేయాల్సింది

తప్పంత జనానిదే అంటే నేను ఒప్పుకోను. ఈ రూల్స్ ప్లాట్లు కొట్టిన కాలనీలను చూసి రాసినయి. పట్టణ రూల్స్ ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల జాగైతే ముందు 1.5 మీటర్లు, మిగిలిన దిక్కుల మీటరు చొప్పున ఇడవాలె. పాత ఊరి నడుమ గోడకు గోడ ఆనుకొని, చూరు కింద చూరు ఉన్న ఇంటికి ఇది ఎట్ల కుదురుతది? మాదిగవాడలల్ల, గొల్ల గల్లీలల్ల ముప్పై గజాల్ల మూడు తరాలు ఉంటున్నయి. గ్రామకంఠంల తాతల నాటి నుంచి ఉంటున్నోళ్లకు ఇంటి పన్ను రశీదు తప్ప ఇంకో కాగితం లేదు. ఆ జాగలు కొలిచి, కాగితాలిచ్చే బాధ్యత సర్కారుది. అది చేయకుంట "అనుమతి లేని కట్టడం" అని పేదోని అర్ర మీదికి నోటీస్ పంపుడు న్యాయం కాదు.

ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీద ఫీజు ఎంత, కాగితాలేంది, ఎన్ని రోజుల్ల ఇస్తరు అని పెద్ద అక్షరాలతోని రాయాలె. ఒక్క అర్రకు, రెండర్రలకు నమూనా ప్లాన్లు పైసలు లేకుంట ఇయ్యాలె. ఈ రెండింటికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

ఊర్ల చదువుకున్న పోరగాండ్లు, ఆడపిల్లలు ఒక పని చేయొచ్చు. వచ్చే గ్రామసభల లేచి ఆ బోర్డు ఎప్పుడు పెడుతరని అడుగున్రి. జవాబును తీర్మానం బుక్కుల రాయించున్రి.