రీజెంట్ స్ట్రీట్‌లో రెండు గిటార్లు

1966 అక్టోబర్ 1, శనివారం. లండన్ రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో కాలేజీ కుర్రాళ్ల మధ్య ఇరుక్కుని నిలబడ్డారు మీరు. వేదిక మీద క్రీమ్. ముగ్గురే మనుషులు. రెండు బాస్ డ్రమ్ములను రెండు కాళ్లతో తొక్కేస్తున్న జింజర్ బేకర్, బాస్ గిటారుతో గొంతెత్తి పాడుతున్న జాక్ బ్రూస్, ఇద్దరికీ కొంచెం ఎడంగా గిబ్సన్ గిటారు మీదికి తల వంచుకున్న ఎరిక్ క్లాప్టన్. వయసు 21. ఈ ఊళ్లో ఇస్లింగ్టన్ వైపు ఒక గోడ మీద ఎవరో 'క్లాప్టన్ దేవుడు' అని రాశారు. చుట్టూ ఉన్న మొహాలు చూస్తే ఆ మాటను నమ్మనివాళ్లు ఇక్కడ ఎక్కువమంది ఉన్నట్టు లేదు.

కళ్లు మూసుకుని వినండి. అతను స్వరాలు కుప్పపోయడు. ఒక్క స్వరం అందుకుంటాడు. వీణ మీద తీగను పక్కకు లాగి గమకం పలికించినట్టు దాన్ని పైకి లాగి, అక్కడే నిలిపి, వేలి కొసన సన్నగా ఊపుతాడు. బి.బి. కింగ్, ఫ్రెడ్డీ కింగ్ రికార్డులు అరిగిపోయేలా విని పట్టిన విద్య అది. ఆ స్వరం అంతసేపు నిలవడానికి ఇంకో కారణం కూడా ఉంది. జాన్ మాయల్‌తో చేసిన 'బ్లూస్ బ్రేకర్స్' ఆల్బమ్ ఈ జూలైలోనే వచ్చింది. ఆ రికార్డింగప్పుడు అతను గిబ్సన్ లెస్ పాల్‌ను మార్షల్ యాంప్లిఫయర్‌కు కలిపి, స్టూడియోలో కచేరీ అంత జోరుగా మోగించాడు. సౌండ్ తగ్గించమంటే వినలేదు. వాల్వులు తట్టుకోలేనంత గట్టిగా వాయిస్తేనే ఆ చిక్కటి, మండే నాదం పుడుతుందని అతనికి తెలుసు. బొద్దుగా పలికే గిబ్సన్, గర్జించే మార్షల్: ఆ తర్వాత వచ్చిన హార్డ్ రాక్ వాళ్లలో సగం మంది తిన్న తిండి ఈ జోడీదే.

కచేరీ సగంలో వేదిక పక్కన కదలిక. యానిమల్స్ బృందంలో బాస్ వాయించిన చాస్ చాండ్లర్, న్యూయార్క్ నుంచి ఒక కుర్రాణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ కుర్రాడు లండన్‌లో దిగి వారమే అయింది. క్లాప్టన్‌ను పరిచయం చేస్తానని చాండ్లర్ మాటిచ్చాకే ఈ ప్రయాణానికి ఒప్పుకున్నాడు. క్రీమ్‌తో ఒక పాట వాయిస్తాడంటే బ్రూస్ సరేనన్నాడు. బేకర్‌కు మనసొప్పలేదు. చివరికి కుర్రాడు వేదికెక్కి, బ్రూస్ వాడే బాస్ యాంప్లిఫయర్‌కే తన గిటారు తగిలించుకున్నాడు. పేరు జిమి హెండ్రిక్స్. వయసు 23.

ఆ గిటారును ఒకసారి చూడండి. కుడిచేతివాళ్ల కోసం చేసిన స్ట్రాటోకాస్టర్‌ను తలకిందులుగా పట్టుకున్నాడు. తీగలు మాత్రం ఎడమచేతివాటానికి తగ్గట్టు మార్చి కట్టాడు. నాబ్‌లన్నీ పైకి వచ్చాయి. బ్రిడ్జి దగ్గర ఏటవాలుగా ఉండే పికప్ తిరగబడింది కాబట్టి లావు తీగలు కాస్త పదునుగా, సన్న తీగలు కాస్త మెత్తగా పలుకుతాయి.

ఎత్తుకున్న పాట హౌలిన్ వుల్ఫ్ 'కిల్లింగ్ ఫ్లోర్'. అసలు రికార్డు కంటే వేగం బాగా పెంచేశాడు. మొదటి నాలుగు లెక్కల్లోనే మీ పక్కవాళ్లు మాటలు ఆపేశారు. రెండు గిటార్లు వినిపిస్తున్నాయి. వేదిక మీద రెండో గిటారు కోసం వెతుక్కుంటారు. క్లాప్టన్ చేతులు తీగల మీద లేవు. మోగేదంతా ఒక్కడే.

హెండ్రిక్స్ పళ్లతో వాయిస్తాడు, వీపు వెనక పెట్టి వాయిస్తాడు. జనం చూపంతా దానికే పోతుంది. మీరు మాత్రం అతని కుడిచేతి బొటనవేలు చూడండి. గిటారు మెడ మీదుగా వచ్చి లావు తీగను అదిమి బాస్ స్వరం పట్టింది. మిగతా నాలుగు వేళ్లకూ స్వేచ్ఛ దొరికింది. వాటితో కార్డు పట్టి, అందులోంచే రాగం లాగి, మళ్లీ కార్డులోకి వచ్చేస్తున్నాడు. తాళం ఎక్కడ ఆగింది, సోలో ఎక్కడ మొదలైంది అంటే చెప్పలేం. లిటిల్ రిచర్డ్ వెనక, ఐస్లీ బ్రదర్స్ వెనక నిలబడి ఏళ్ల తరబడి పక్కవాద్యం వాయించినవాడు. ముందు గాయకుడు పాడుతుంటే సందు దొరికిన చోటల్లా నింపి, అతని గొంతుకు అడ్డురాకుండా తప్పుకోవడమే అక్కడి కొలువు. నా దృష్టిలో హెండ్రిక్స్ గొప్పతనానికి పునాది ఆ విన్యాసాల్లో, మోతలో లేదు, ఆ పక్కవాద్యపు ఏళ్లలో ఉంది. క్లాప్టన్ గిటారును గాయకుణ్ని చేశాడు. హెండ్రిక్స్ గిటారులో గాయకుడూ ఉన్నాడు, వెనక మేళమూ ఉంది.

క్లాప్టన్ వేదిక దిగి వెళ్లిపోయాడు. చాండ్లర్ లోపలికి వెళ్లేసరికి అతను సిగరెట్ వెలిగించుకోలేక అవస్థపడుతున్నాడు. వీడు ఎప్పుడూ ఇంత బాగా వాయిస్తాడా అన్నట్టు అడిగాడట. దీన్ని ఓటమి అనేవాళ్లున్నారు. నేను అనను. ఎదురుగా జరిగిందేమిటో ఆ హాల్లో అందరికంటే బాగా అర్థమైనవాడు అతనే.

ఆ రాత్రి తర్వాత ఇద్దరూ ఒకరి సామాను ఒకరు అందుకున్నారు. హెండ్రిక్స్ మార్షల్ యాంప్లిఫయర్లు పట్టాడు. అతని కొత్త డ్రమ్మర్ మిచ్ మిచెల్‌కు జిమ్ మార్షల్ దుకాణంతో పాత పరిచయం. 1969 ఆగస్టు 18 ఉదయం వుడ్‌స్టాక్‌లో అమెరికా జాతీయగీతంలోంచి బాంబుల చప్పుడు లాగింది ఆ మార్షల్‌లలోంచే. క్లాప్టన్ కొన్నేళ్లకు గిబ్సన్ వదిలి స్ట్రాటోకాస్టర్‌కు మారి, మూడు పాత గిటార్ల భాగాలతో 'బ్లాకీ' కట్టించుకున్నాడు. అయినా హెండ్రిక్స్‌లా వాయించే ప్రయత్నంలో పడి కొట్టుకుపోలేదు. 1968 మార్చి 10న శాన్ ఫ్రాన్సిస్కో వింటర్‌ల్యాండ్‌లో రికార్డయిన 'క్రాస్‌రోడ్స్' వినండి. వెనక బ్రూస్, బేకర్ తరుముతుంటే ఒక్కో వాక్యం ముగించి, ఊపిరి తీసుకుని, తర్వాతిది మొదలెడతాడు. ఆ పొందిక అతని సొత్తు.

1967 జనవరి 29న సావిల్ థియేటర్‌లో హెండ్రిక్స్‌ను విన్నాక, జాక్ బ్రూస్ ఒక బాస్ వరస కట్టాడు. అదే 'సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్' అయింది. దాని సోలోను క్లాప్టన్ 'బ్లూ మూన్' పాత బాణీతో ఎత్తుకుంటాడు. పదును పూర్తిగా తగ్గించి, గుండ్రంగా.

1969 జనవరి 4. బీబీసీలో గాయని లూలూ కార్యక్రమం, ప్రత్యక్ష ప్రసారం. క్రీమ్ విడిపోయి కొన్ని వారాలైంది. హెండ్రిక్స్ 'హే జో' మధ్యలో ఆపేసి, దీన్ని క్రీమ్‌కు అంకితం చేస్తున్నానని చెప్పి, 'సన్‌షైన్' వరస అందుకున్నాడు. తన కచేరీ విన్నాక పుట్టిన వరస అది. కార్యక్రమానికి కేటాయించిన సమయం అయిపోతోంది. హెండ్రిక్స్ ఆపడం లేదు.