రాయచూరు నుంచి డిచ్‌పల్లి దాకా: పుండ్లు కడిగిన చేతులు

ఏటా జనవరి చివరి ఆదివారం ప్రపంచ కుష్టు వ్యాధి దినం. 1954లో రావుల్ ఫొలెరో అనే ఫ్రెంచి రచయిత దీన్ని మొదలుపెట్టాడు. మన దేశంలో గాంధీజీ వర్ధంతి రోజైన జనవరి 30న జరుపుతారు. ఈ రోగానికీ, క్రైస్తవ సేవకూ మన నేలమీద ఏర్పడిన బంధం చెప్పాలంటే కథ రాయచూరు కోట దగ్గర ఎత్తుకోవాలి.

ఆ కోటకు క్రైస్తవులు తుపాకులతో వచ్చారు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరును ముట్టడించినప్పుడు క్రిస్టొవావ్ ది ఫిగెయిరెదో అనే పోర్చుగీసు వాడు తన తుపాకీ దళంతో రాయల వైపు నిలిచాడు. వాళ్లు గోడమీది కావలివాళ్లను గురిచూసి కొడుతుంటే, కింద రాయల సైనికులు గోడ రాళ్లు పెకలించారని గుర్రాల వ్యాపారి నూనిజ్ రాసిపెట్టాడు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఆ అంతర్వేదిలో ఏసు పేరు పలికేవాళ్లను చరిత్ర మనకు మొదట చూపించేది యుద్ధరంగంలోనే.

తర్వాతి మూడున్నర శతాబ్దాల గురించి దొరికేది కొంచెమే. అదే జిల్లాలోని ముద్గల్‌లో ఆదిల్‌షాహీల కాలంలోనే గోవా నుంచి వచ్చిన గురువులు చర్చి కట్టారని పాత గెజిటీర్లు చెబుతాయి. మొహర్రానికి పేరుపడ్డ ఆ ఊళ్లో ఒక చిన్న కథోలిక సమాజం తరతరాలుగా నిలిచింది. రాజ్యాలు మారాయి. 1853లో అంతర్వేది ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లి, 1860లో తిరిగి నిజాంకు వచ్చింది. 1871లో మద్రాసు రైలూ, బొంబాయి రైలూ రాయచూరులో కలిశాయి. ఆ తర్వాతి కాలంలో అమెరికన్ మెథడిస్టులు అక్కడ కన్నడంలోనూ తెలుగులోనూ పనిచేశారు.

ఇక నిజాం రాజ్యంలోనే, తెలుగు జిల్లాల వైపు, వెస్లియన్ మిషన్ ఉంది. మెదక్‌లో పోస్నెట్ దొర కరువు రోజుల్లో కూలీ పనిగా మొదలుపెట్టించి, 1924 క్రిస్మస్‌కు ప్రతిష్ఠ చేయించిన చర్చిని చూడటానికి ఇవాళ బస్సులు కట్టుకుని వెళ్తాం. నాకు అంతకంటే పెద్దదిగా తోచే కట్టడం నిజామాబాద్ దగ్గర, డిచ్‌పల్లిలో ఉంది. అక్కడికి యాత్రికులు రారు. ఒకప్పుడు కుంటుకుంటూ రోగులు వచ్చేవారు.

ఆ కట్టడం వెనక ఉన్న వైద్యురాలు ఇసబెల్ గన్ స్కాట్లండ్ ఈశాన్య తీరంలో 1875లో పుట్టింది. ఆడపిల్లలకు వైద్య కళాశాలల తలుపులు అప్పుడప్పుడే తెరుచుకుంటున్న రోజుల్లో, 1903లో అబర్డీన్ విశ్వవిద్యాలయంలో డాక్టరు పట్టా తీసుకుంది. పాదిరి జార్జ్ కెర్‌ను పెళ్లాడి, 1907లో అతనితో కలిసి హైదరాబాద్ సంస్థానానికి వచ్చింది. నిజామాబాద్ ప్రాంతంలో ఆమె కంటపడింది ఏమిటంటే, పెద్దరోగం సోకినవాళ్లకు వెళ్లడానికి చోటే లేదు. ఇల్లు పొమ్మంటుంది, ఊరు పొలిమేర దాటమంటుంది. 1911లో కెర్ దంపతులు ఒక చిన్న ఆశ్రయం తెరిచారు. వచ్చినవాళ్లందరికీ అది చాలలేదు. తలుపు దాకా వచ్చిన మనిషిని తిప్పి పంపడం ఏ వైద్యుడికైనా నరకమే.

అప్పుడు ముందుకొచ్చినవాడు ఆ ప్రాంతపు దాత రాజా నర్సాగౌడ్. ఆయన హిందువు. క్రైస్తవ మిషన్ నడిపే కుష్టు ఆస్పత్రికి పెద్ద విరాళం ఇచ్చాడు. ఆ ఊతంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆస్పత్రి మొదలైంది. హిందూ దాత, ముస్లిం పాలకుడి రాజ్యం, క్రైస్తవ వైద్యురాలు. దిక్కులేని రోగులకు నీడ ఇవ్వడం దగ్గర ముగ్గురి దారులూ కలిశాయి. సేవ ముసుగులో మతం మార్చారన్న మాట అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ ప్రశ్నను తోసిపారేయను. ఒంగోలులో మిషనరీ క్లౌ దొర 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పని ఒప్పుకుని వేలమందికి కూలి ఇప్పించినప్పుడు, తిండి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. సేవకూ మతమార్పిడికీ మధ్య గీత ఎక్కడుందో నిజాయితీ ఉన్నవాళ్లకు తెలుసు. డిచ్‌పల్లి విషయంలో నాకు నర్సాగౌడ్ విరాళమే పెద్ద సాక్ష్యం. ఆ పని తీరు కంటితో చూడగల దూరంలో ఉన్న మనిషి తన సొమ్ము ఇచ్చాడు.

ఆస్పత్రిలో ఏం చేసేవారు? 1873లోనే నార్వేలో హాన్సెన్ ఈ రోగానికి కారణమైన సూక్ష్మక్రిమిని కనిపెట్టాడు గానీ, దాన్ని చంపే మందు ఇంకా లేదు. ఉన్నది చాల్‌మోగ్రా నూనె. తాగితే కడుపులో నిలవదు, వాంతి అయిపోతుంది. కలకత్తాలో లెనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ ఆ జాతి గింజల నూనెనే సూదిమందుగా మలిచారు. డాక్టర్ ఇసబెల్ ఆ పద్ధతిని డిచ్‌పల్లికి తెచ్చింది. నూనె సూది నొప్పి మామూలుది కాదు. నెలల తరబడి పొడిపించుకోవాలి. అయినా రోగులు వచ్చారు. తొలిదశలో వచ్చినవాళ్లలో గుణం కనబడింది. అంతవరకూ కుష్టు ఆశ్రమమంటే చావు వచ్చేదాకా తలదాచుకునే చోటు. నయమై ఇంటికి వెళ్లొచ్చన్న ఆశ పుట్టగానే, మచ్చను గుడ్డకింద దాచుకున్నవాళ్లు కూడా బయటికి రావడం మొదలైంది. మందు చేసిన మేలు ఎంతో, ఆ ఆశ చేసిన మేలూ అంత అనుకుంటాను.

సూదిమందు కంటే రోజూ సాగే పని ఇంకొకటి ఉంది, పాదాలు కడగడం. ఈ రోగం నరాలను తింటుంది. పాదానికి స్పర్శ పోతుంది. ముల్లు దిగినా, రాయి కోసినా తెలియదు. అలాగే నడుస్తారు, పుండు లోపలికి పోతుంది, ఎముక కుళ్లుతుంది. వాసనకు పక్కవాడు లేచిపోతాడు. అందుకని రోజూ ఎవరో ఒకరు కింద కూర్చోవాలి. ఆ కాలు చేతిలోకి తీసుకుని నీళ్లలో నానబెట్టాలి, గట్టిపడ్డ చర్మం గీకాలి, కట్టు కట్టాలి. మళ్లీ రేపు. ఏసు తన చివరి రాత్రి నడుముకు తువ్వాలు చుట్టుకుని శిష్యుల కాళ్లు కడిగాడని క్రైస్తవులు నమ్ముతారు. పవిత్ర గురువారంనాడు చర్చిలో గురువు కొందరి పాదాలు కడిగి ఆ ఘట్టాన్ని తలచుకుంటాడు. చర్చిలో అది ఏడాదికి ఒకసారి. కుష్టు ఆస్పత్రి వార్డులో ప్రతి ఉదయం. విశ్వాసమంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఆ వార్డునే.

1923లో కెర్ దంపతులకు కైజర్-ఎ-హింద్ పతకం వచ్చింది. 1932లో ఇసబెల్ కన్నుమూసింది. అప్పటికి ఆమెకు అరవై ఏళ్లు కూడా నిండలేదు.

అక్కణ్నుంచి కథ చీలికలవుతుంది. 1940లలో సల్ఫోన్ మాత్రలు వచ్చి నూనె సూదిని పక్కకు నెట్టాయి. 1947లో వెస్లియన్ల సంఘాలు దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. రాయచూరు మెథడిస్టులు కలవకుండా విడిగా ఉండిపోయారు. 1956 నవంబరు 1న రాయచూరు మైసూరు రాష్ట్రంలోకి వెళ్లింది. గద్వాల, అలంపురం తాలూకాలు మాత్రం ఆ జిల్లా నుంచి విడివడి మన మహబూబ్‌నగర్‌లో చేరాయి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. ఆరు నెలలో, ఏడాదో మాత్రలు వేసుకుంటే రోగం పోతుంది. 2005 చివరికి దేశం మొత్తంమీద రోగుల సంఖ్య పదివేలకు ఒకరికంటే తగ్గిందని ప్రభుత్వం ప్రకటించింది. రోగం తగ్గింది గానీ వెలి అంత త్వరగా తగ్గలేదు. కుష్టు రోగులను నిర్బంధించే 1898 నాటి చట్టం రద్దయింది 2016లో! భార్యకో భర్తకో ఈ రోగముంటే విడాకులు అడగవచ్చన్న నిబంధన 2019లో గానీ పోలేదు. ఇసబెల్ కెర్ చూపించిన దారికి మన చట్టం చేరుకోవడానికి దాదాపు నూరేళ్లు పట్టింది.

ఇప్పుడు మిషన్ వైద్యుల పాత్ర తగ్గింది. రాయచూరులోనైనా నిజామాబాద్‌లోనైనా ఇల్లిల్లూ తిరిగి స్పర్శలేని మచ్చ ఉందా అని అడిగేది ఆశా కార్యకర్తే. మాత్రలు సర్కారు దవాఖానాలో ఉచితం. అయితే పాత పుండ్లున్నవాళ్లకు మాత్రలు చాలవు. వాళ్ల కాళ్లు కడిగేవాళ్లు ఈనాటికీ కావాలి.

నన్ను బాధించేది ఒకటుంది. దొరల పేర్లు, దొరసానుల పేర్లు, దాతల పేర్లు పుస్తకాలకెక్కాయి. కంపౌండర్లు, ఆయాలు, కట్లు ఉతికినవాళ్లు, తాము కోలుకున్నాక పక్కమంచం మనిషికి కట్టు కట్టినవాళ్లు దాదాపు ఎక్కడా కనబడరు. వాళ్ల పిల్లలు, మనవలు మన మధ్య ఉంటారు. చర్చి రిజిస్టర్లు, ఆస్పత్రి జీతాల పుస్తకాలు మిగిలి ఉంటే చెదపట్టకముందే ఎవరైనా తిరగేయాలి. తెలంగాణ విశ్వవిద్యాలయం ఉన్నది ఆ డిచ్‌పల్లిలోనే. చరిత్ర విద్యార్థులు పరిశోధనకు అంశం వెతుక్కుంటూ దూరం వెళ్లనక్కర్లేదు.