నాడీకణం, తర్కం, కప్ప కన్ను

మెదడును కంప్యూటరుతో పోల్చడం నేడు పరిపాటి. కంప్యూటరు రూపకల్పన తొలినాళ్లలో మాత్రం యంత్రాన్నే మెదడుతో పోల్చారు. 1943లో నాడీశాస్త్రవేత్త వారెన్ మెకలక్, యువ తార్కికుడు వాల్టర్ పిట్స్ ఒక వ్యాసం ప్రకటించారు. నాడీకణం స్పందిస్తే సత్యం, స్పందించకుంటే అసత్యం. కనుక నాడీకణాల అల్లికను తర్కసూత్రాలుగా రాయవచ్చునన్నది వారి ప్రతిపాదన. 1945లో జాన్ వాన్ నాయ్‌మన్ ఎడ్వాక్ యంత్రంపై రాసిన నివేదికలో దాని భాగాలను వివరించడానికి ఈ నమూనానే ఆశ్రయించాడు.

1959లో జెరోమ్ లెట్విన్, హంబర్టో మాతురానాలతో కలిసి అదే మెకలక్, పిట్స్ కప్ప దృష్టినాడిపై పరిశోధన ప్రకటించారు. కదలని ఈగ ఎదుట ఉన్నా కప్ప దానిని ఆహారంగా గుర్తించదు. కప్ప కన్ను వెలుగునీడల ప్రతిబింబాన్ని యథాతథంగా మెదడుకు పంపదని, అంచులు, చిన్న వస్తువుల కదలిక, వెలుగు తగ్గడం వంటి విశేషాలను తానే వేరుచేసి పంపుతుందని ఈ పరిశోధన నిరూపించింది. గ్రహించడం కన్ను పని, విశ్లేషించడం మెదడు పని అన్న విభజన దీనితో సడలింది.

ఈ పరిణామం నాడీకణ తర్కాన్ని రద్దు చేయలేదు; దాని పరిధిని తెలిపింది. 1943 వ్యాసం దగ్గరే ఆగిపోయే శాస్త్రచరిత్ర పోలికను సత్యంగా భ్రమిస్తుంది. ఆ పోలికకు పునాది వేసినవారే పదహారేళ్ల తరువాత ఒక జంతువు నుంచి పాఠం నేర్చిన సంగతిని అది విస్మరిస్తుంది.