గండి పడేటప్పుడు ఎవరు మిగలాలి?

భయం ఒంటరిగా ఉన్నప్పుడే పుడుతుందని వీడియో గేములు తయారుచేసేవాళ్ళు చాలా ఏళ్ళు నమ్మారు. 1996 నాటి రెసిడెంట్ ఈవిల్‌లో గానీ, 1999 నాటి సైలెంట్ హిల్‌లో గానీ చీకట్లో నడిచేది ఒక్కరే. తూటాలు తక్కువ, తలుపు అవతల ఏముందో తెలీదు, పిలిస్తే పలికేవాడు లేడు. అదే ఆటలో పక్కన మన స్నేహితుడొకడు ఉండి జోకులేస్తే సగం భయం అక్కడే పోతుంది. మరి నలుగురు కలిసి ఆడే హారర్ గేమ్ ఎలా సాధ్యం? నలుగురున్నా భయపడాలంటే ఏం చెయ్యాలి?

ఈ ప్రశ్నకు ఇరవై ఏళ్ళకు పైగా రకరకాల జవాబులొచ్చాయి. వాటిని వరసగా చూద్దాం. నేను అనంతపురంలో కూర్చుని రాస్తున్నాను కాబట్టి మధ్యలో మా చెరువు కట్ట ఒకటి, మా కరువు ఒకటి వస్తాయి. అవి ఎందుకొచ్చాయో వచ్చాక మీకే తెలుస్తుంది.

2003లో జపాన్‌లో రెసిడెంట్ ఈవిల్ అవుట్‌బ్రేక్ వచ్చింది. ప్లేస్టేషన్ 2 మీద నలుగురు ఇంటర్నెట్‌లో కలిసి ఆడొచ్చు. కానీ ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీలు లేదు. "సాయం", "ఇటు రా" లాంటి ముందే రికార్డు చేసిన కేకలు మాత్రమే వెయ్యగలరు. నలుగురున్నా నోరు కట్టేస్తే భయం మిగులుతుందన్నది దాని జవాబు.

అసలు మలుపు 2008లో. టర్టిల్ రాక్ స్టూడియో తయారుచేసిన లెఫ్ట్ 4 డెడ్‌ను వాల్వ్ ఆ నవంబర్‌లో విడుదల చేసింది. ఇందులో నోరు కట్టెయ్యలేదు, చేతులు కట్టేశారు. హంటర్ అనేవాడు మీద దూకి కూర్చున్నాడా, స్మోకర్ తన నాలుకతో చుట్టి లాక్కెళ్ళాడా, ఆ మనిషి తనంతట తాను విడిపించుకోలేడు. పక్కవాడు రావాల్సిందే. దానికి తోడు డైరెక్టర్ అని ఒక కనపడని ప్రోగ్రాం ఉంటుంది. ఆటగాళ్ళు ఎంత ఒత్తిడిలో ఉన్నారో కొలుస్తూ, కాసేపు ఊపిరి పీల్చుకోనిచ్చి, మళ్ళీ గుంపును వదులుతుంది. కాబట్టి దారి బట్టీ పట్టి గెలవడం కుదరదు. ఎక్స్‌పర్ట్ స్థాయిలో మామూలు జాంబీ కొట్టే ఒక్క దెబ్బకు వందలో 20 పాయింట్ల ప్రాణం పోతుంది. మన తూటా మనవాడికి తగిలితే అదీ గట్టిగానే తగులుతుంది. చివరి అంకంలో, ఆసుపత్రి మేడ మీదికి హెలికాప్టర్ వచ్చేదాకా నిలబడాలి. అది వచ్చాక ఒక్కడు ఎక్కినా చాలు, జట్టు గెలిచినట్టే. మిగిలినవాళ్ళ పేర్లు చివర్లో సంతాప వాక్యంలో పడతాయి.

ఆ చివరి నియమం గుర్తుపెట్టుకోండి. ఒక్కడు చాలు. కలిసి ఆడే హారర్ ఆటల చివరి లెవెళ్ళన్నీ ఈ లెక్క చుట్టూనే తిరుగుతాయి.

మా తరానికి ఈ ఆటలు చేరిన దారి వేరు. 2016లో జియో వచ్చాక మా దగ్గర గేమంటే ఫోనే, ఫోనంటే పబ్జీనే. 2020 సెప్టెంబర్ 2న ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అదే నెల 18న ఫాస్మోఫోబియా వచ్చింది. కొన్ని వారాల్లోనే, లాక్‌డౌన్లో ఇళ్ళకు తిరిగొచ్చిన ఇంజనీరింగ్ పిల్లల ల్యాప్‌టాపుల్లో దయ్యాలు తిరగడం మొదలైంది. దాన్ని మొదట ఒక్క మనిషే రాశాడు. దయ్యాన్ని చంపడం ఉండదు, అది ఏ రకందో కనిపెట్టి బయటపడాలి. కొత్త సంగతి ఏమిటంటే ఆ దయ్యం మన మాట వింటుంది. మైకులో దాని పేరు పలికితే రెచ్చిపోతుంది. దయ్యం వేటాడుతున్నప్పుడు అల్మారాలో దాక్కున్నవాడు "రేయ్, యాడుండావ్రా?" అని అరిచాడంటే వాడి పని అయిపోయినట్టే. స్నేహితుడి గొంతు ధైర్యం ఇస్తుందని కదా అనుకున్నాం. ఇక్కడ అదే ప్రాణం తీస్తుంది.

స్వీడన్ వాళ్ళ జీటీఎఫ్ఓ 2019 చివర్లో మొదలై 2021 డిసెంబర్‌లో పూర్తిస్థాయిలో వచ్చింది. నలుగురు ఖైదీలు, భూగర్భంలో ఒక కట్టడం. లెవెళ్ళకు ఏ, బీ, సీ, డీ, ఈ అని పేర్లు. అక్షరం మారేకొద్దీ లోతు పెరుగుతుంది. నిద్రపోతున్న జీవాల మధ్య టార్చి ఆర్పుకుని, పాకుతూ పోవాలి. ఒక్కటి లేచిందంటే గదంతా లేస్తుంది. కొన్ని తలుపుల దగ్గర నేలమీద వెలుగు వలయం పడుతుంది. నలుగురూ అందులో నిలబడితే తప్ప తలుపు తెరుచుకోదు. డీ, ఈ లెవెళ్ళకు వచ్చేసరికి తుపాకీ గురి రెండో సంగతి అయిపోతుంది. దొరికింది ఒక్క మందుల పెట్టె. ఒకడికి కాలు విరిగినంత పనైంది, ఇంకొకడి దగ్గర మంచి తుపాకీ ఉంది. ఎవరికిస్తావు?

2023 అక్టోబర్‌లో వచ్చిన లీథల్ కంపెనీ ఈ ప్రశ్నను ఏకంగా జమాఖర్చుగా మార్చింది. మనం ఒక కంపెనీకి కూలీలం. పాడుబడ్డ ఉపగ్రహాల్లోకి దిగి తుక్కు ఏరుకొచ్చి అమ్మాలి. మూడు రోజుల్లో ఇంత అని కోటా. మొదటిది 130. తీరిస్తే కొత్త కోటా పెరుగుతుంది, అది తీరిస్తే ఇంకా పెరుగుతుంది. తీర్చలేకపోతే కంపెనీ మనల్ని అంతరిక్షంలోకి విసిరేస్తుంది. ఇందులో చివరి లెవెల్ అంటూ లేదు. ఎన్ని కోటాల దాకా బతికామన్నదే లెక్క. పెద్ద మొత్తాలు కావాలంటే టైటన్ లాంటి ఉపగ్రహానికి పోవాలి. అక్కడికి పోవడానికే 700 క్రెడిట్లు కట్టాలి. ఒకడు చస్తే జట్టుకు జరిమానా. శవాన్ని మోసుకొస్తే జరిమానా తగ్గుతుంది. కంపెనీకి మనిషి మీద ఉన్న ప్రేమ అంతవరకే.

మా నలుగురి జట్టు దీన్నే ఎక్కువగా ఆడుతుంది. ఒకడు బెంగళూరులో, ఒకడు హైదరాబాదులో, ఇద్దరం ఇక్కడ. కోటా వెయ్యి దాటాక జరిగేది ప్రతిసారీ ఒకటే. రాత్రి పన్నెండుకు ఓడ దానంతటదే లేచిపోతుంది. పదకొండున్నరకు ఇద్దరు ఓడలో ఉంటారు, ఒకడు తలుపు దగ్గర, ఒకడు ఇంకా లోపల. "వస్తాండా, వస్తాండా, ఆగండప్పా" అని వాకీటాకీలో వినిపిస్తుంటుంది. లోపల మిగిలేది ఎవరో ముందే చెప్పొచ్చు. ల్యాప్‌టాప్ పాతదైనవాడు. మా తెరమీద తెరుచుకున్న తలుపు వాడి తెరమీద రెండు క్షణాల తర్వాత తెరుచుకుంటుంది. వాడికి ఆట రాక కాదు. ఆలస్యమంతా పోగై చివరికి వాడి నెత్తినే పడుతుంది.

ఇక్కడే నాకు మా చెరువు గుర్తొస్తుంది. అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం. విజయనగర బుక్కరాయల కాలంలో, 1364లో చిక్కప్ప ఒడయారు కట్టించాడని చెబుతారు. పడమటి కనుమలు ఒకపక్క మబ్బుల్ని ఆపేస్తే, తూర్పు తీరం ఇంకోపక్క దూరం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే పీఠభూమి ఇది. కానీ ఆ కథ కరువుది కాదు. ఒక ఏడు వాన ఒక్కసారిగా విరుచుకుపడి, చెరువు నిండి, కట్టకు గండి పడబోయింది. ఊరు మునిగిపోతుంది. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలిస్తేనే కట్ట నిలుస్తుందని దేవత పలికింది. ఆమె భర్తకూ బిడ్డకూ వీడ్కోలు చెప్పి గండిలోకి నడిచింది. కట్ట నిలిచింది. బ్రౌన్ దొర వెలుగులోకి తెచ్చిన అనంతపురం చరిత్రలోని ఈ కథను కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉన్నప్పుడే "ముసలమ్మ మరణం" కావ్యంగా రాశాడు. ముసలమ్మ కట్టకు ఇప్పటికీ జనం మొక్కుతారు.

ఈ కథలో అందరూ ఆమె త్యాగాన్నే చూస్తారు. నాకు ఎంపిక కనిపిస్తుంది. అంత పెద్ద ఊళ్ళో దేవత నోట వచ్చిన పేరు ఎవరిది? రెడ్డిది కాదు, కొడుకులది కాదు. ఇంటికి ఆఖరున వచ్చిన కోడలిది. ఆ ఇంట్లో మాట అందరికంటే తక్కువ చెల్లేది ఆమెదే. గండి పడే గడియలో చేసే ఏ ఎంపికైనా ఇలాగే ఉంటుంది. అప్పటిదాకా ఎవరి మాట చెల్లలేదో వాళ్ళమీదే పడుతుంది.

దేవత పలక్కపోయినా, ఆఫీసు కాగితం మీద కూడా ఇదే జరుగుతుంది. 1876-78 కరువులో ఈ ప్రాంతం బళ్ళారి జిల్లాలో ఉండేది. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ పంపగా వచ్చిన రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో ఖర్చు తగ్గించమన్నాడు. రోజంతా మట్టి మోసే మగమనిషికి ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర. పౌను అంటే అర కిలో కూడా కాదు. నిజంగా ఆకలున్నవాడే రావాలని పని చోటును ఊరికి మైళ్ళ దూరంలో పెట్టారు. అంత దూరం నడవగలిగినవాడికే కూలి. నడవలేని ముసలివాళ్ళకూ, బాలింతలకూ ఆ నియమంలో చోటెక్కడిది? ఆ కూలితో మనిషి బతకలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు. అప్పటికే చాలామంది పోయారు. దేశం మొత్తమ్మీద ఆ కరువులో పోయినవాళ్ళు 55 లక్షలకు పైనే అంటారు. ఆటలో చస్తే మళ్ళీ మొదలుపెట్టొచ్చు, వాళ్ళకు ఆ వీలు లేదు. ఆ రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టను. కానీ నియమం రాసినవాడు లోపల ఎవరిని వదిలేస్తున్నాడో చూడ్డం నాకు ఈ ఆటలే బాగా నేర్పాయి.

ఇదే పీఠభూమిలో ఇంకో పద్ధతి కూడా ఉండేది. చెరువుల మరమ్మతు చేసేవాళ్ళకు దశబంధం ఇనాములుండేవి. గండి పడకముందే కట్ట చూసుకునే బాధ్యత అది. తూము దగ్గర నీరుగంటి ఉండేవాడు. మడికి ఎంత నీళ్ళో వదిలేది అతనే. నీళ్ళు తక్కువైన ఏట ఎంత ఆయకట్టు సాగుచెయ్యాలో నాట్లకు ముందే తేల్చుకునేవాళ్ళు. ఇవీ మచ్చలేని ఏర్పాట్లు కావు. చెరువు కింద భూమి ఎవరికుందో, కులాన్ని బట్టి ఎవరికి లేదో మనకు తెలుసు. అయినా గండి పడ్డ రాత్రి చేసే నిర్ణయానికీ, నాట్లకు ముందు నలుగురూ కూర్చుని చేసే నిర్ణయానికీ చాలా తేడా ఉంది.

లీథల్ కంపెనీలో కూడా నీరుగంటి పని ఒకటుంది. ఒకడు ఓడలోనే ఉండి, మానిటర్‌లో అందరినీ చూస్తూ, టెర్మినల్‌లో కోడ్ కొట్టి లోపలి తలుపులు తెరుస్తాడు, మూస్తాడు. మొదట్లో ఎవరికీ ఆ పని ఇష్టం ఉండదు. తుక్కు తేడు, దయ్యాన్ని చూడడు. మా పాత ల్యాప్‌టాప్ వాడే ఒకరోజు "నేను ఓడలోనే ఉంటా లేప్పా" అన్నాడు. తలుపు తెరుచుకోవడం వాడికి ఆలస్యం కావచ్చు, కానీ పటం మీద ఎర్ర చుక్క ఎటు కదులుతోందో చెప్పడానికి ఆ ల్యాప్‌టాప్ చాలు. "ఎడం పక్క వస్తాంది, ఆగు... ఇప్పుడు పో, బిర్నా పో." వాడి గొంతు వింటూ మేం అంతకుముందెప్పుడూ చేరని కోటాలు దాటాం. దాంతోపాటు పదింటికే వెనక్కి తిరగాలని దిగకముందే మాట అనుకున్నాం. చేతిలో ఏమున్నా సరే, లేకపోయినా సరే.

గొప్పగా ఆడే జట్లను చూసినా ఇదే. కాయిల్‌హెడ్ అనే బొమ్మ మనం చూస్తున్నంతసేపూ కదలదు, కన్ను పక్కకు తిప్పితే మీదికొస్తుంది. ఒక్కడైతే వెనక్కి నడుస్తూ ఎక్కడో తడబడతాడు. ఇద్దరైతే ఒకడు చూపు నిలిపి ఉంచుతాడు, రెండోవాడు దారి చూస్తాడు. ధైర్యం కంటే ఎవరి పని ఏదో ముందే తేలి ఉండటం అక్కడ కాపాడుతుంది.

ఆటలు తయారుచేసేవాళ్ళకూ ఇది తెలుస్తున్నట్టుంది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన రెపోలో బరువైన వస్తువుల్ని కలిసి మొయ్యాలి, అక్కడా కోటాలే. కానీ చచ్చిన స్నేహితుడి తలను వెతికి, మోసుకొచ్చి, సరుకు అప్పజెప్పే చోట పెడితే వాడు కొనప్రాణంతో లేస్తాడు. 2008లో ఒక్కడు బయటపడితే గెలుపు. ఇప్పుడు పోయినవాడి కోసం వెనక్కి వెళ్ళడం కూడా ఆటలో ఒక ఎత్తు. పదిహేడేళ్ళలో లెక్క అంత మారింది.

అందుకే చివరి లెవెళ్ళలో ఎలా బతకాలని ఎవరైనా అడిగితే నేను తుపాకీల గురించి చెప్పను. దిగకముందు ఒక ప్రశ్న వేసుకోమంటాను: మనలో అందరికంటే నెమ్మదిగా నడిచేవాడు ఎవరు? వాడి నడకను బట్టి వెనక్కి తిరిగే వేళ పెట్టుకోండి.