గల్ఫ్ నుంచి ఇంటికి మాట: ఉత్తరం నుంచి వీడియో కాల్ దాకా

1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో నిర్మాణ పనులు ఊపందుకున్నాయి. ఉత్తర తెలంగాణలోని కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి మగవాళ్లు దుబాయి, సౌదీ, మస్కట్‌లకు కూలికి వెళ్లారు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఎందరో ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్ చేరారు. రెండేళ్లకో మూడేళ్లకో తప్ప ఇల్లు చూడని ఈ మనుషులకు ఇంటివాళ్లతో మాట కలిపిన సాధనాలు నలభై ఏళ్లలో పూర్తిగా మారిపోయాయి.

మొదట ఉత్తరమే దిక్కు. అది చేరడానికీ, జవాబు రావడానికీ వారాలు పట్టేది. చదువు రాని ఇళ్లలో రాసిపెట్టేదొకరు, చదివిపెట్టేదొకరు కావడంతో ఆలుమగల మాట కూడా మూడో మనిషి చెవిన పడక తప్పేది కాదు. ఆ ఇబ్బందిని కొంత తీర్చింది క్యాసెట్. గల్ఫ్ నుంచి తెచ్చిన టేప్‌రికార్డర్‌లో మాట్లాడి, సెలవు ముగించుకుని వెళ్లేవాళ్ల చేతికి ఇచ్చి పంపేవారు.

ఆపరేటర్ కలిపే ట్రంక్ కాల్‌తో పని లేకుండా వేరే ఊరికి నేరుగా డయల్ చేసే ఎస్టీడీ సౌకర్యం దేశంలో 1960లోనే కాన్పూర్, లక్నోల మధ్య మొదలైంది. పల్లెలకు అది చేరింది మాత్రం చాలా ఆలస్యంగా. 1984లో ఏర్పడిన సీ-డాట్ సంస్థ ఏసీ గది అక్కర్లేని 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజిని తయారుచేశాక పరిస్థితి మారింది. ఆ వెనకే పసుపు బోర్డుల ఎస్టీడీ, విదేశాలకు చేసే ఐఎస్డీ బూత్‌లు వెలిశాయి. వాటిలో చాలా బూత్‌లను ప్రభుత్వం వికలాంగులకు ఉపాధిగా కేటాయించింది.

బూత్‌లో మాట్లాడేవాళ్ల కళ్లు మీటర్ మీదే ఉండేవి. ఎర్ర అంకెలు పెరిగే కొద్దీ మాట వేగం కూడా పెరిగేది. ఎస్టీడీకి రాత్రి పదకొండు దాటితే పావు చార్జీయే కాబట్టి ఆ వేళకు బూత్ ముందు జనం చేరేవారు. విదేశానికి చేయడం మరీ ఖరీదు, అందుకే గల్ఫ్ ఫోను ఎక్కువగా అటునుంచే వచ్చేది. ఫోను లేని ఇంటివాళ్లు పక్కింటి నంబరో, కిరాణా కొట్టు నంబరో ఇచ్చి పక్కన ‘పీపీ’ అని రాసేవారు. గల్ఫ్‌లో అప్పట్లో శుక్రవారం సెలవు కనుక ఊళ్లో ఆ రోజు ఎదురుచూపులు ఎక్కువగా ఉండేవి. ఏం చెప్పాలో ముందే అనుకుని వెళ్లడం, ఫోను దగ్గర వంతులవారీగా మాట్లాడడం ఇంటిల్లిపాదికీ అలవాటైంది. ఈ క్రమశిక్షణ నేర్పింది టెలిఫోన్ చార్జీయే తప్ప ఎవరి పెంపకమూ కాదు.

దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. వచ్చే కాల్‌కూ డబ్బు కట్టే పద్ధతి 2003 దాకా సాగింది. అది పోయాక మిస్డ్ కాల్ రాజ్యమేలింది. ఒక్క రింగిచ్చి పెట్టేస్తే, ‘నువ్వే చెయ్యి’ అనో, ‘క్షేమంగా చేరాను’ అనో ముందే చేసుకున్న ఒప్పందాన్ని బట్టి అర్థం.

2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకైంది. అదే ఏడాది నవంబరులో వాట్సాప్‌కు వీడియో కాల్ వచ్చింది. దుబాయి ఉన్న యూఏఈలో మాత్రం వాట్సాప్ కాల్స్‌పై ఆంక్షలున్నాయి, అక్కడివాళ్లకు బోటిమ్ వంటి అనుమతి ఉన్న యాప్‌లే ఆధారం.

చార్జీ భయం పోవడంతో అది పెట్టిన హద్దు కూడా పోయింది. తండ్రి లేబర్ క్యాంపులో మంచం మీద నుంచి మాట్లాడుతుంటే, ఇక్కడ కొడుకు అదే ఫోనులో రీల్స్‌కు జారుకుంటాడు. రోజుకు పది మెసేజిలు వెళ్తాయి, ఒక్కటీ మాట అనిపించుకోదు. కుదురుగా నడుపుకునే ఇళ్లలో మాత్రం పాత బూత్ పద్ధతే మరో రూపంలో కనిపిస్తుంది. దుబాయి మనకంటే గంటన్నర, సౌదీ, కువైట్ రెండున్నర గంటలు వెనక. ఆ లెక్కన అక్కడి పని, ఇక్కడి పిల్లల నిద్రవేళ రెండూ చూసుకుని ఒక సమయం ఖాయం చేసుకుంటారు. ఫోను చేతులు మారకుండా గూట్లో నిలబెట్టి, అందరూ ఎదురుగా కూర్చుని మాట్లాడతారు.

ఊరుమ్మడిగా హద్దు పెట్టుకున్న సందర్భమూ ఉంది. మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడగావ్‌లో 2022లో సాయంత్రం ఏడింటికి సైరన్ మోగించి, గంటన్నర పాటు ఫోన్లు, టీవీలు కట్టేసే పద్ధతి మొదలుపెట్టారు. అయితే దూరాన ఉన్న తండ్రి ముఖం చూపించే తెరనూ, కాలక్షేపపు తెరనూ ఒకే గాటన కట్టకూడదు. ఏడాదిన్నర లోపు పిల్లలకు తెర వద్దని 2016లో సూచించిన అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా వీడియో కాల్‌కు మినహాయింపు ఇచ్చింది.